గంగాబాయి పాస్ చేసిన సినిమాలు

ఆదోనిలో పండగకు కొత్త బొమ్మ పడితే అది చూడదగ్గదా కాదా అని వాళ్ళ వీధికి తేల్చి చెప్పే పెత్తనం గంగాబాయిది. ఆ పెత్తనం ఆమె కోరి తెచ్చుకున్నది కాదు. కనీసం మొదట్లో కాదు.

అప్పటికి ఆమెకు యాభై దాటాయి. పెళ్ళయిన కొత్తల్లోనే మొగుడు పోతే పుట్టింటికి తిరిగొచ్చి, తమ్ముడు సేతుమాధవరావును చంకనేసుకుని పెంచింది. ఆ తమ్ముడు పెద్దవాడై హైస్కూల్లో తెలుగు పండితుడయ్యాడు, పెళ్ళి చేసుకున్నాడు, పిల్లల్ని కన్నాడు. గంగాబాయి మాత్రం ముతక ఎర్రచీర, నెత్తి మీద కొంగు, చేతిలో తులసిమాల, నోట్లో మంత్రాలయం స్వామి రాయరి పేరు, అంతే. మడి కట్టుకుని ఆమె నడిచి వస్తుంటే వీధిలో కుక్కలు కూడా పక్కకు తప్పుకునేవి.

పందొమ్మిది వందల డెబ్బై మూడు దసరాకు ఒక పొరపాటు జరిగింది. పోస్టరు మీద అమ్మవారి బొమ్మ ఉందని నమ్మి సేతుమాధవరావు పెళ్ళాం పిల్లలతో పాటు ఇరుగుపొరుగు ఇళ్ళవాళ్ళను కూడా వెంటబెట్టుకుని మ్యాట్నీకి పోయాడు. అమ్మవారు మొదటి రీల్లో కనిపించి, హారతి తీసుకుని, మళ్ళీ రాలేదు. ఆ తర్వాత ఒకామె మెరుపుల గౌను వేసుకుని సారా పీపా మీదికెక్కి నాట్యం మొదలుపెట్టింది. సేతుమాధవరావు దిగ్గున లేచి నిలబడ్డాడు.

"లేయండి అందరూ!"

వరస వరసంతా లేచింది. వెనక నుంచి "కూకో సామీ, తల అడ్డం!" అని కేకలు. మగపిల్లలు మెడలు వెనక్కి తిప్పి తెర వైపు చూస్తూ నడవడంతో ఒకరి కాళ్ళు ఒకరు తొక్కుకున్నారు. బయట ఎండలో నిలబెట్టి లెక్క చూసుకుంటే పక్కింటి ముసలాయన తక్కువ. ఆయన పాట అయిపోయాక నింపాదిగా వచ్చాడు. చెప్పులు కనపడలేదన్నాడు.

ఆ సాయంత్రమే ఇంట్లో చట్టం పుట్టింది.

"ఇంక మీద ఎవురన్నా ముందర చూసి, బాగుందంటేనే పోయేది. లేదంటే ఈ ఇంట్లో సినిమా అనే మాట వినపడకూడదు" అన్నాడు సేతుమాధవరావు.

"ఆ ముందర చూసేది ఎవురు?" అంది భార్య ఇందిరాబాయి.

చిక్కు అక్కడే వచ్చింది. పండితుడు తానే పోతే బడిపిల్లలు నవ్వుతారు. ఇందిరాబాయిని పంపితే వీధి నవ్వుతుంది. ఆయన చూపు ఇల్లంతా తిరిగి తిరిగి, దేవుని గది గడపలో కూర్చుని వత్తులు చేసుకుంటున్న అక్క మీద ఆగింది.

"అక్కా, నువ్వు పోవల్ల."

గంగాబాయి చేతిలో పత్తి జారిపోయింది. "నేనా? ఆ నరకానికా? నీకు మతి ఉండాదేమప్పా?"

"నీకవన్నీ పట్టవు కాబట్టే పొమ్మంటాండా. జపం చేసుకుంటా కూర్చో. చెడ్డది కంటబడితే వచ్చి చెప్పు. పిల్లల కోసరం అనుకో."

"పిల్లల కోసరం అన్నంక ఇంకేం చెప్పేది" అని గంగాబాయి నిట్టూర్చింది. ఆ నిట్టూర్పు ఉండవలసినదాని కంటే కొంచెం పొడుగ్గా ఉందని ఇందిరాబాయికి అప్పుడే అనుమానం తగిలింది.

తోడుకు సుంకమ్మ కుదిరింది. సుంకమ్మ వాళ్ళింట్లో బోకులు తోముతుంది. ఊళ్ళో ఏ సినిమా హాల్లో ఏ బొమ్మ ఆడుతోందో, ఏది ఎన్నాళ్ళకు ఎత్తేస్తారో బూడిద చేత్తోనే చెప్పగలదు. ఆమెతో కలిసి గంగాబాయి దీపావళి బొమ్మకు పోయింది. ఎర్రచీర మనిషి గేట్లోకి రావడం చూసి గేటుకాడి వీరన్న బీడీ పారేసి చేతులు జోడించాడు. లోపల ఆడవాళ్ళ పక్క బెంచీ మీద ఉన్నవాళ్ళు గబగబా జరిగి సగం బెంచీ ఖాళీ చేశారు. ఇంత పెద్దామె వచ్చిందంటే ఇది ఏదో భక్తి సినిమా అనుకుని ఒకామె కొంగు కూడా సర్దుకుంది.

గంగాబాయి కళ్ళు దించుకుని మాల తిప్పుతూ కూర్చుంది. పాటలు పోయాయి. ఎవరో ఏడ్చారు. ఆమె తల ఎత్తలేదు. అప్పుడు ధన్ మని చప్పుడైంది. తల ఎత్తింది. ఒక్క మనిషి. చుట్టూ రౌడీలు. వాడు ఒకణ్ణి ఎత్తి ఇంకొకడి మీద వేశాడు, మూడోవాణ్ణి గుమ్మడికాయల బండిలోకి విసిరాడు.

మాల ఆగిపోయింది.

"కొట్టల్ల! ఇంకా కొట్టల్ల వాన్ని!" అని పక్కన సుంకమ్మ పిడికిళ్ళు బిగించింది.

"ఎడమ పక్క ఒకడుండాడే, వాన్ని చూడలేదు వీడు" అంది గంగాబాయి. ఆ మాట తన నోట్లోంచే వచ్చిందని తెలియడానికి ఆమెకు కాసేపు పట్టింది.

ఇంటికి వచ్చాక బావి దగ్గర నెత్తిన నీళ్ళు పోసుకుని, మడి చీర కట్టుకుని, తమ్ముడి ముందు కూర్చుంది. సినిమా హాలు అంటు కాబట్టి స్నానం తప్పదు. తర్వాత్తర్వాత పండగ రోజుల్లో సాయంత్రం పూట ఆ ఇంటి బావి గిలక కిర్రుమంటే చాలు, వీధి ఆడవాళ్ళందరికీ సంగతి తెలిసిపోయేది. కొత్త బొమ్మ పరీక్ష అయిపోయింది, వాళ్ళింటి ముందరి అరుగు కట్ట మీదికి పోతే ఫలితం వినొచ్చు.

"ఎట్లుందక్కా?" అన్నాడు తమ్ముడు.

గంగాబాయి అబద్ధం ఆడే మనిషి కాదు. కాసేపు ఆలోచించింది. "ఆంజనేయస్వామి ఒక్కడే లంకకు పోయి ఏం చేసినాడు?"

"అశోకవనం విరిచి, రాక్షసులను చంపినాడు."

"ఆ మాదిరే ఉండాది. చివరికి ధర్మం గెలుస్తాది. పిల్లలు చూడొచ్చు."

సేతుమాధవరావుకు సంతోషమైంది. మరునాడు ఇందిరాబాయి పిల్లలతో పోయి చూసి వచ్చింది. వంటింట్లోకి వచ్చి, తలుపు దగ్గరికి వేసి, "వదినా! లంకా అది?" అంది.

"గుమ్మడికాయల బండి చూసినావా?" అంది గంగాబాయి.

ఇద్దరూ నోట్లో కొంగు కుక్కుకుని నవ్వారు. పెద్దకూతురు తులసి ఏమైందో అని తలుపు తోసుకుని వస్తే, ఉల్లిపాయ కళ్ళకు కొట్టిందని చెప్పారు. ఆ ఇంట్లోకి ఉల్లిపాయ గడప దాటి రాదు. తులసికి అర్థమైంది. ఆ రోజు నుంచి ఆ పిల్లా ఈ జట్టులో చేరింది.

అట్లా నాలుగేళ్ళు గడిచాయి. గంగాబాయి మాటకు ఒక భాష ఏర్పడింది. "ధర్మం గెలుస్తాది" అంటే ఫైట్లు బాగున్నాయని. "కొంచెం వైరాగ్యం ఎక్కువ" అంటే మధ్యలో నిద్ర వస్తుందని. "శోకరసం" అంటే ఇంకో కొంగు కూడా తీసుకుపోండని. ఈ అర్థాలు వీధి ఆడవాళ్ళకు ఇందిరాబాయి గుట్టుగా నేర్పింది. సేతుమాధవరావు మాత్రం అక్క మాటను అక్షరాలా నమ్మేవాడు. ఆ మొదటి అవమానం తర్వాత ఆయన మళ్ళీ సినిమా హాలు మెట్టు తొక్కలేదు. అక్క కళ్ళే తన కళ్ళు అనుకున్నాడు.

డెబ్బై ఏడు దసరాకు రెండు కొత్త బొమ్మలు వచ్చాయి. ఒకటి ఎవరో భక్తుడి కథ. పోస్టరు నిండా విభూతి, పువ్వులు, పొగ. రెండోది పేరు చూస్తేనే తన్నులాట అని తెలిసేది.

"ఆ భక్తుని బొమ్మకు పరీక్ష అక్కరలేదు లేక్కా, ఈసారి నేను కూడా వస్తా" అన్నాడు సేతుమాధవరావు.

గంగాబాయి చేతిలో మాల పక్కన పెట్టింది. తమ్ముడు తిరిగి హాలుకు రావడం మొదలుపెడితే తన పెత్తనం ఏమి కావాలి? "చట్టమంటే చట్టమే. ముందర నేను చూడల్ల" అని ఆ మధ్యాహ్నమే సుంకమ్మను వెంటేసుకుని పోయింది.

భక్తుడు పాడాడు. మళ్ళీ పాడాడు. సుంకమ్మ గంగాబాయి భుజం మీద తల వాల్చి గుర్రు పెట్టింది. మడి మాట దేవుడెరుగు, గంగాబాయి కూడా ఆమె తల మీద తల ఆనించి పడుకుంది. చివర గంటల మోతకు ఉలిక్కిపడి లేచి చూస్తే తెరంతా వెలుగు. మరునాడు రెండో బొమ్మకు పోయారు. దానికి సుంకమ్మ రెప్ప వేయలేదు.

రాత్రి భోజనాల దగ్గర తమ్ముడు అడిగాడు. "భక్తుని కథ ఎట్లుంది?"

"ఏం చెప్పేది. మొదలు బాగానే ఉండె. చివర్లోనే..."

"చివర్లో?"

"భక్తుని ఒంట్లో నుంచి ఒక వెలుగు లేసె. పైన దేవునిది ఇంకో వెలుగు. అది పోయి ఇందులో కలిసిపోయె. ఇంక ఇద్దరు లేరు. ఒకటే వెలుగు."

అన్నం కలుపుతున్న చేయి ఆగింది. "ఒకటే వెలుగా?"

"ఒకటే. ఎవురు దేవుడో ఎవురు భక్తుడో నాకే తెలీకపాయె."

వాళ్ళది మధ్వుల ఇల్లు. దేవుడు వేరు, జీవుడు వేరు, ఎన్నటికీ ఒకటి కారు అన్నది ఆ ఇంట్లో ఉగ్గుపాలతో పట్టిన మాట. దాని కోసం తాతల కాలం నుంచి వాదాలు చేసిన వంశం.

"అద్వైతం!" అన్నాడు సేతుమాధవరావు, పప్పులో బల్లి పడినట్టు ముఖం పెట్టి. "ఆ బొమ్మకు ఎవురూ పోయేది లేదు. మరి రెండోది?"

"దాంట్లో ఆ పీకులాటే లేదప్పా. మంచోడు మంచోడే, చెడ్డోడు చెడ్డోడే. మొదటి నుంచి చివరి దాకా భేదం స్పష్టంగా ఉండాది. పైగా ఎవురి యోగ్యతను బట్టి వానికి. చిన్న దొంగకు చిన్న దెబ్బ. పెద్ద దొంగకు పెద్ద దెబ్బ."

"తారతమ్యం!" జీవుల్లో ఎక్కువ తక్కువలు ఉన్నాయనే తమ మతం మాట వినపడి పండితుడి కళ్ళు మెరిశాయి. "అక్కా, సినిమావాళ్ళల్లో కూడా సిద్ధాంతం తెలిసినోళ్ళు ఉండారన్నమాట!"

వంటింట్లో ఏదో గిన్నె కింద పడింది. ఇందిరాబాయి చాలాసేపటి దాకా మజ్జిగ వడ్డించడానికి రాలేదు.

ఇక్కడితో అయిపోతే బాగుండేది. కానీ విజయదశమి నాడు, మధ్వజయంతి కదా అని, ఎమ్మిగనూరు నుంచి వియ్యంకుడు వెంకోబారావు భోజనానికి వచ్చాడు. అంతకు ముందు ఏడాదే తులసిని ఆయన కొడుక్కు ఇచ్చారు. వాళ్ళది మాధవరంలో నది ఒడ్డున గుడి సేవ చేసిన కుటుంబం. మనిషి సంస్కృతం మాస్టరు, మహా నిష్ఠాపరుడు. ఇంట్లో రేడియోకు కూడా గుడ్డ కప్పి ఉంచుతాడు. పెళ్ళయినప్పటి నుంచి తులసి సినిమా పోస్టరు వైపు తిరిగి చూసిన పాపాన పోలేదు.

"సినిమాలన్నీ చెడ్డవే అనుకోకూడదు బీగరే" అన్నాడు సేతుమాధవరావు తాంబూలం అందిస్తూ. ఆ ఇళ్ళల్లో వియ్యంకుణ్ణి బీగరు అంటారు. "మన అక్క చూసి చెప్పింది. ఈ దసరాకు ఒకటి వచ్చింది, పూర్తిగా మన సిద్ధాంతమే!"

వెంకోబారావు గంగాబాయి వైపు తిరిగాడు. ఆమె అప్పటికే లోపలికి పోయింది.

"అట్లయితే చూడవలసిందే" అన్నాడాయన. "దీపావళికి అది మా ఊరికి వస్తాండాదని గోడల మీద అతికించినారు. అందరూ రండి. సిద్ధాంతం ఉంటే సరే. లేకుంటే అది కూడా తేలిపోతాది."

దీపావళి దాకా గంగాబాయికి అన్నం సయించలేదు. ఎమ్మిగనూరు పోయే రోజు పొద్దున జ్వరం అంది. తమ్ముడు నుదుటి మీద చేయి వేసి, చల్లగా ఉందన్నాడు. కడుపునొప్పి అంది. వాము నమిలించాడు. బస్సులో కిటికీ పక్కన కూర్చుని, రోడ్డు పొడుగునా పగిలిన పత్తికాయలు చూస్తూ, రాయరికి మొక్కింది. బస్సన్నా చెడిపోనీ అని. ఆ రోజు బస్సు ఎన్నడూ లేనంత బాగా పరుగెత్తింది.

వెంకోబారావు ఇంట్లో అడుగు పెట్టగానే తులసి ఎదురొచ్చింది. ఆ పిల్ల ముఖం చూడాలి. ఏడాది తర్వాత సినిమాకు పోతున్నానని వెలిగిపోతోంది. గంగాబాయి చెవి దగ్గర నోరు పెట్టి, "అత్తా, ఫైట్లు బాగుండాయా?" అంది.

వెనక్కి పోదామని బస్సులోంచి అనుకుంటూ వచ్చిన మాట గంగాబాయి గొంతులోనే ఆగింది. "ధర్మం బాగా గెలుస్తాది" అంది. ఏమయితే అది కానీ అనుకుంది.

కుర్చీ క్లాసులో అందరూ ఒకే వరసలో కూర్చున్నారు. నడుమ వెంకోబారావు, పక్కన సేతుమాధవరావు, ఆ పక్కన గంగాబాయి, తర్వాత ఇందిరాబాయి, తులసి. తెర మీద హీరో గుళ్ళోకి వచ్చి దేవుడికి దండం పెట్టాడు. సేతుమాధవరావు వియ్యంకుడి వైపు గర్వంగా చూశాడు. హీరో గుళ్ళోంచి బయటికి వచ్చి మెట్ల మీదే మొదటి రౌడీని తన్నాడు. సేతుమాధవరావు మెల్లగా అక్క వైపు తిరిగాడు.

"అక్కా. ఇదేంది?"

గంగాబాయి కళ్ళు మూసుకుని జపం చేసుకుంటోంది.

తన్నులాట గుడి నుంచి సంతకు, సంత నుంచి రాళ్ళ క్వారీకి పోయింది. సేతుమాధవరావు చెవులు ఎర్రబడ్డాయి. లేచి అందరినీ లేపుకుని పోదామా అంటే, తీసుకొచ్చింది తానే. కానీ క్వారీలో ఒక సంగతి జరిగింది. హీరో ముందున్నవాణ్ణి కొడుతుంటే వెనక నుంచి ఒకడు గడ్డపలుగు ఎత్తాడు. హాలంతా ఊపిరి బిగబట్టిన ఆ క్షణంలో కుర్చీ క్లాసులోంచి ఒక పండిత కంఠం ఖంగుమంది.

"ఒరేయ్! వెనక చూడరా!"

అరిచింది సేతుమాధవరావు. హీరో వెనక చూశాడు. నేల క్లాసు చప్పట్లు కొట్టింది. సేతుమాధవరావు సగం లేచినవాడల్లా ఉత్తరీయం సర్దుకుని కూర్చున్నాడు. గంగాబాయి ఒక కన్ను తెరిచి తమ్ముణ్ణి చూసి, మళ్ళీ మూసుకుంది.

ఇంటర్వెల్లో దీపాలు వెలిగాయి. వెంకోబారావు కుర్చీలో పూర్తిగా ఇటు తిరిగాడు.

"రావుగారూ. సిద్ధాంతం యాడుండాది?"

ఇందిరాబాయి తులసి చేయి పట్టుకుంది. గంగాబాయి నోరు తెరవబోయింది. అంతలో తమ్ముడు గొంతు సవరించుకున్నాడు. పదో తరగతికి కఠిన సమాసాలు విడదీసేటప్పుడు సవరించుకునే గొంతు అది.

"కనపడలేదా బీగరే? పంచభేదాలు వరసగా చూపించినాడు గదా. మొదట హీరో దేవుని ముందర దండం పెట్టినాడు. నేను వేరు, నువ్వు వేరు అంటేనే గదా దండం. అది దేవునికీ జీవునికీ భేదం."

"ఊఁ."

"ఇద్దరు రౌడీల తలలు పట్టుకుని టెంకాయల మాదిరి గుద్దినాడు. ఇద్దరూ అరిచినారు. ఎవురి నొప్పి వానిది. జీవునికీ జీవునికీ భేదం. క్వారీలో బండ వచ్చి ఒకని కాలి మీద పడె. వాడు ఏడ్చినాడు, బండ ఏడ్వలేదు. జీవునికీ జడానికీ భేదం."

వెంకోబారావు వేలు ముక్కు మీదికి పోయింది. "దేవునికీ జడానికీ?"

"గుడి ముందర ధ్వజస్తంభం విరిగి పడింది గదా. స్తంభం విరిగె, లోపల దేవుడు చెక్కుచెదరలే."

"నాలుగాయె. జడానికీ జడానికీ భేదం చూపించలేదే?"

సేతుమాధవరావు దగ్గర సరుకు అయిపోయింది. అక్క వైపు చూశాడు. చిన్నప్పుడు మామిడికాయలు దొంగిలించి దొరికిపోయినప్పుడు ఆమె కొంగు వెనక దాక్కుని చూసిన చూపే అది.

"వస్తాది, వస్తాది" అంది గంగాబాయి మాల తిప్పుతూ. "చివర్లో రెండు కార్లు గుద్దుకుంటాయి."

దీపాలు ఆరిపోయాయి. తర్వాత సగం ఆ వరస వరసంతా కార్ల కోసం ఎదురుచూసింది. నడుమ ఒక డ్యాన్సు వచ్చింది. ఎవరూ లేవలేదు. అది ఏ భేదంలోకి వస్తుందో వెంకోబారావు అడగలేదు, సేతుమాధవరావు చెప్పలేదు. ఆఖరికి కొండ మలుపులో ఇటు నుంచి ఒక కారు, అటు నుంచి ఒక కారు దుమ్ము రేపుకుంటూ వచ్చి ఢీకొన్నాయి.

"ఐదోది!" అని వెంకోబారావు సేతుమాధవరావు తొడ మీద ఫెడీమని చరిచాడు. ముందు వరసవాళ్ళు వెనక్కి తిరిగి చూశారు.

ఆట వదిలాక వెంకోబారావు అందరికంటే ముందు నడిచాడు. ఇంటి గడప దగ్గర ఆగి, "మూలం కంటే మీ వ్యాఖ్యానమే మేలుగా ఉండాది రావుగారూ" అన్నాడు. తర్వాత కోడలి వైపు తిరిగి, "మీ మేనత్త బాగుందన్న బొమ్మలకు నువ్వూ పోవచ్చు తల్లీ" అన్నాడు. తులసి వంగి మామగారి కాళ్ళకు దండం పెట్టింది. నవ్వు దాచుకోవడానికి అంతకంటే మంచి చోటు లేదు.

తిరుగు బస్సులో అక్కాతమ్ముళ్ళు పక్కపక్కన కూర్చున్నారు. ఊరు చాలా దూరం వెనకబడ్డాక ఆయన అడిగాడు.

"నాలుగేండ్ల నుంచి నువ్వు చెప్పిన పురాణాలన్నీ ఇట్లాంటివేనా?"

"అన్నీ కాదప్పా" అంది గంగాబాయి. "దీనికంటే మేలైనవి ఉండె."

సేతుమాధవరావు ముఖం కిటికీ వైపు తిప్పుకున్నాడు. కోపం వచ్చిందేమో అని ఆమె భయపడింది. ఆయన భుజాలు కదులుతుండడం చూసి, కోపం కాదని తెలుసుకుంది.

ఆ సంక్రాంతి నుంచి ఇద్దరూ కలిసి పోవడం మొదలుపెట్టారు. ఒక్క సాక్షితో తీర్పు చెప్పడం న్యాయం కాదని ఆయన వాదన. గంగాబాయికి అది పెద్ద తలనొప్పి అయింది. తమ్ముడికి ఏడుపు బొమ్మలు ఇష్టమని అప్పుడే బయటపడింది. తెర మీద తల్లి కొడుకును వదిలేస్తే చాలు, ఉత్తరీయం తడిసిపోయేది. "ఏడ్చేదానికి ఇంట్లో చోటు లేదా? ఆడిదాకా పోవల్లనా?" అని ఆమె విసుక్కునేది. ఎనభైల్లోకి వచ్చేసరికి కట్ట మీద రెండు తీర్పులు వినిపించేవి. వీధి రెండు జట్లయింది. ఇందిరాబాయి రెండు జట్లలోనూ ఉండేది. రెండు బొమ్మలూ చూసేది.

గంగాబాయికి అరవై ఐదు దాటాక కళ్ళకు పొరలు వచ్చాయి. తెర మీద మనుషులు మబ్బుల్లా కదులుతున్నా చప్పుడును బట్టి దెబ్బ ఎక్కడ పడిందో చెప్పేది. ఎవరో పెట్టిన కంటి శిబిరంలో ఆపరేషన్ చేయించారు. సోడాబుడ్డి అద్దాలు ఇచ్చారు. కట్టు విప్పిన నెలలోపే దసరా వచ్చింది. సుంకమ్మను పిలిచి, తమ్ముడికి చెప్పకుండా, ఇద్దరే మ్యాట్నీకి పోయారు.

మొదటి ఫైటు వచ్చింది. గంగాబాయి అద్దాలు సర్దుకుని ముందుకు వంగింది. కాసేపు చూసింది. ఆమె ముఖం మారిపోయింది.

"సుంకీ! వాని చేయి వీని దవడకు తగల్లేదే!"

"తగల్దు తల్లీ."

"చప్పుడు వచ్చె గదా?"

"చప్పుడు వేరే వేస్తారంట. నాకు ఎప్పటి నుంచో తెలుసు."

"మరి నాకు చెప్పలేదేమే!"

"సెప్తే నువ్వు వస్తాంటివా?" అంది సుంకమ్మ శనగలు నములుతూ.

గంగాబాయి కుర్చీలో వెనక్కి వాలింది. తర్వాత అద్దాలు తీసి కొంగుతో తుడిచి ఒళ్ళో పెట్టుకుంది. తెర మళ్ళీ మబ్బు పట్టింది, దెబ్బలు మళ్ళీ ధన్ ధన్ మని తగలడం మొదలుపెట్టాయి. పాట వచ్చినప్పుడు అద్దాలు పెట్టుకుని చీరలు చూసింది. ఫైటు రాగానే తీసేసింది. ఆ తర్వాత చూసిన బొమ్మలన్నీ ఆమె అట్లాగే చూసింది.